జెట్టీ కింది చీకట్లోకి

నేను ఒక గాలపు రాడ్‌ని. ఐదున్నర అడుగుల పొట్టిదాన్ని. యానాం కొట్టులో పొడుగాటి రాడ్ల మధ్య నిలబెడితే నన్ను చూసినవాడే లేడు. చేప ఎక్కడుందో తెలియకపోయినా, మనుషులకు రాడ్ మాత్రం పొడుగ్గా ఉండాలి!

ఒకరోజు మంగాయమ్మ వచ్చింది. ఆవిడ భర్త ధర్మారావు గోదావరి మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపి రిటైరైన మనిషి. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. ఇక గాలం విసరలేనని రాడ్లన్నీ పంచిపెట్టేసి, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

"అన్నానికి కూడా లేవట్లేదండి. చెయ్యెత్తకుండా ఏసే గాలం ఏదైనా ఉందాండి?" అంది.

కొట్టువాడు నా కొస పట్టి విల్లులా వంచి వదిలాడు. ఝుమ్మని నిటారుగా లేచాను! "మరీ మెత్తనిదైతే విసురుండదండి, మరీ బిర్రుదైతే వంగదండి. ఇదే సరైందండి," అని, చేతికి బరువు తెలియని చిన్న రీలు బిగించాడు. నన్ను కొన్నారు, నన్ను!

మర్నాడు ఆవిడ ఆయన్ని బలవంతాన పడవల జెట్టీ దగ్గరికి లాక్కొచ్చింది. పక్కనే కట్టేసిన నావలో కూర్చోబెట్టింది.

"ఈ చీపురుపుల్లతోనా?" అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది.

అయినా, కొట్టువాడు చూపించిన తీరు ఆవిడ చెబుతుంటే పట్టుకున్నాడు. కుడిచేతి వేలితో తాడు నొక్కిపెట్టి, ఎడంచేత్తో తాడు కొసన ఎరగా కట్టిన రబ్బరు చేపను వెనక్కి లాగాడు. నేను వంగాను. వేలూ చేపా ఒకేసారి వదిలేశాడు; అది నావ బల్లకు కొట్టుకుని పడింది. రెండోసారి నావ ముందరే నీళ్లలో బుడుంగుమంది.

"నా వల్ల కాదే. ఎల్లిపోదాం."

"ఒక్కసారండి. నా కోసం."

ఈసారి ముందు చేపను వదిలాడు, రెప్పపాటు ఆగి వేలెత్తాడు. నా బలమంతా పెట్టి లేచాను! రబ్బరు చేప నీళ్ల మీద కప్పగంతులు వేస్తూ, ఏ గాలమూ చేరని జెట్టీ కింది చీకట్లోకి దూరిపోయింది. అంతే, ఠపీమని లాగింది! నేను నడుం దాకా వంగిపోయాను. రీలు కీచుమంది.

"పండుగప్పే! మంగా, పండుగప్ప!" ఆయన మోచెయ్యి డొక్కకు అదిమిపెట్టి, ఎడంచేత్తో రీలు తిప్పుతూ కేకలు పెట్టాడు. చేప తళతళలాడుతూ నావలో పడింది.

"ఇంక పదండి, ఆకలేత్తంది," అంది మంగాయమ్మ.

"నువ్వెళ్లి పులుసెట్టు. నేనింకోటి అట్టుకొత్తాను."

"చేప కనపడితే పెళ్లాం కనపడదు! మిట్టమధ్యాన్నం ఎండలో మాడిపోతావుంటే..." తిడుతూనే గట్టెక్కింది, తిడుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆయన ఒక్క మాటా వినలేదు. నన్ను మళ్లీ వంచాడు.