మూడు ఇత్తడి బొడిపెలు

ఆ యంత్రపు చేతికి మా చిలక పెట్టిన పేరు కొత్తల్లుడు. "దగ్గరుండి చెయ్యి పట్టుకుని చూపిస్తే తప్ప కదలడు. కాస్త తేడా వస్తే అలిగి ఆగిపోతాడు. అల్లుడు కాక ఇంకేంటి పెద్దమ్మా?" అనేది. చిలకకి వేరే పేరుంది గానీ, నోరు ఊరుకోదు కాబట్టి అందరికీ చిలకే. మా అమ్మాయి కార్ఖానాలో బిగింపులూ ప్యాకింగూ ఆమె చూస్తుంది. లేత్ దగ్గర మేస్త్రి ఉంటాడు. ఆఫీసుగదిలో మా అమ్మాయి. తలుపు పక్క స్టూలు మీద కూర్చుని, తయారైన ముక్కల అంచులు వేలితో తడిమి చూసేదాన్ని నేను. అంతే మా కార్ఖానా.

మేము చేసేవి చిన్న ఇనప సామాన్లు. తలుపు గడియలు, బీరువా పిడులు, బల్ల కాళ్ళకి చక్రాలు బిగించే పట్టీలు. ఎవరికీ వేలల్లో అక్కర్లేదు. ఒకరికి నలభై, ఇంకొకరికి అరవై. ఒక రకం నుంచి మరో రకానికి మారాలంటే అన్నీ ఊడదీసి మళ్ళీ సర్దుకోడానికి ఒక పూట పట్టేది. అందుకే అమ్మాయి ఈ చేతిని తెచ్చింది. చక్రాల బండి మీద నిలబడి ఉంటుంది, ఏ మిషన్ దగ్గరికి కావాలంటే అక్కడికి తోసుకుపోవచ్చు. దాని పంజాలు మూడు రకాలు, గోడకి గరిటెల్లా వేలాడుతుంటాయి. పనికి తగ్గది తగిలించి, మణికట్టు పట్టుకుని ఒకసారి దారి చూపిస్తే చాలు. ముక్క తీసి డ్రిల్లు కింద పెడుతుంది, రంధ్రం పడ్డాక తీసి పక్కన పేరుస్తుంది.

ఒకరోజు అమ్మాయి అందర్నీ పిలిచింది.

"ఫర్నిచర్ కంపెనీ మేడమ్ గురువారం వస్తున్నారు. మూడు రకాలు ఆవిడ కళ్ళముందు, ఒక్క పూటలో చేసి చూపించాలి. చూపిస్తే ఏడాది పొడుగునా పని. లేకపోతే నెలాఖరుకి తాళం వెయ్యాల్సిందే బాబాయ్."

మేస్త్రిని బాబాయ్ అంటుంది. తాళం పడితే ఆయన ఎక్కడో దూరాన ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతాడు, చిలక వాళ్ళక్క దగ్గరికి.

అలాంటి తాళం నేనొకటి చూశాను. పాతికేళ్ళ వయసులో బట్టల మిల్లులో పనిచేసేదాన్ని. మిల్లు మూసేసిన రోజు, నా పక్క మగ్గం మీద ఆరేళ్ళు పనిచేసిన స్నేహితురాలు గేటు దగ్గర నా గుప్పిట్లో తన అడ్రసు రాసిన చీటీ పెట్టి, "ఉత్తరం రాయించవే" అంది. నాకు అప్పటికి చదువు రాదు. ఎవరిచేతనైనా చదివించుకుందామని మిల్లు కోటు జేబులో పెట్టుకుని, జేబు చూసుకోకుండా ఉతికేశాను. నీలం మరక మిగిలింది. తను ఏ ఊరు వెళ్ళిందో ఇవాళ్టికీ తెలియదు. తర్వాత మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా దాని పుస్తకం పక్కనే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అప్పట్నించి కాగితం కనబడితే వదలను.

ఆ చేతితోపాటు ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. మేస్త్రి దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. నేను గ్లాసు పక్కన పెట్టి, వేలు కింద పెట్టుకుంటూ నాలుగుసార్లు చదివాను. సగం అర్థం కాలేదు. సగం అయింది.

బుధవారమే మూడు మిషన్ల దగ్గరా పని నేర్పేశారు. బండి చక్రాలు ఎక్కడ నిలవాలో నేల మీద సుద్దతో గీతలు గీశారు. గురువారం పది గంటలకి మేడమ్ వచ్చింది. నలభై గడియలు చకచకా అయిపోయాయి. చిలక పంజా మార్చింది, మేస్త్రి బండిని రెండో మిషన్ దగ్గరికి తోశాడు. అక్కడ సిమెంటు నేల కాస్త గుంట. బండి ఊగుతోంది. పడిపోతుందేమోనని నాకు భయమేసింది. అందరూ మేడమ్‌తో మాట్లాడుతుంటే, ఇంట్లో అన్ని బల్లలకీ చేసినట్టే, ఒక అట్టముక్క మడిచి చక్రం కిందికి తోసేశాను.

చెయ్యి వంగింది. పట్టీ అంచు, ముక్కని కదలకుండా పట్టి ఉంచే దిమ్మెకి తగిలి కింద పడింది. రెండోదీ అంతే. మూడోసారి చెయ్యి దానంతటదే ఆగి ఎర్రదీపం వెలిగించుకుంది.

"అలిగాడు," అంది చిలక, నవ్వకుండా.

"చక్రాలు గీతల మీదే ఉన్నాయి కదమ్మా!" అన్నాడు మేస్త్రి.

మేడమ్ గడియారం చూసుకుంది. "రెండింటికి నేను ఇంకో చోట ఉండాలండీ."

"మళ్ళీ మొదట్నించి నేర్పాలంటే గంటన్నర పడుతుంది," అంది అమ్మాయి.

నేను ముందుకొచ్చాను. "చక్రం కింద అట్ట పెట్టింది నేనేనే. ఊగుతుంటే చూళ్ళేక..."

"అమ్మా!"

"ఇంట్లో బల్లలు చాల్లేదా అక్కా నీకు?" మేస్త్రి అట్ట లాగబోయాడు.

"ఉండు తమ్ముడూ, తీస్తే మళ్ళీ ఊగుతుంది. ముప్పై ఒకటో పేజీలో రాశారు. బండి నిలబడ్డ తీరు మారితే నేర్పిందంతా చెరిపెయ్యక్కర్లేదట. బల్ల మీది మూడు గుర్తుల్నీ చేతి మొనతో తాకిస్తే చాలట. మిగతాది అదే సరిచేసుకుంటుందట."

"గుర్తులా? ఎక్కడ?"

"ఇత్తడి బొడిపెలు. బిగించడానికి వచ్చినతను ప్రతి మిషన్ బల్లకీ మూడేసి పెట్టి వెళ్ళాడు కదా."

అందరూ అటు చూశారు. రెండు బొడిపెలు మెరుస్తున్నాయి. మూడోదానికి మేస్త్రి నూనెగుడ్డ వేలాడుతోంది.

"గుడ్డ తగిలించుకోడానికి పెట్టారనుకున్నాను," అన్నాడాయన, గుడ్డ తీసి వెనక దాచుకుంటూ.

అమ్మాయి చేతి మొనని పట్టుకుని ఒకటి, రెండు, మూడు తాకించింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పచ్చదీపం వెలిగింది. చెయ్యి వంగి, పట్టీని దిమ్మెలో పాలల్లో చెంచా దించినట్టు దించింది. చిలక వేసిన కేకకి వీధిలోవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. "ఆ బండిని వంకరగా తొయ్యండి చూద్దాం."

మేస్త్రి కొత్తల్లుడి మీద ఇన్నాళ్ళ కసీ తీరేలా తోశాడు. అట్ట ఎటో ఎగిరిపోయింది, చక్రాలు గీతలకి జానెడు దూరం జరిగి చదును నేల మీద ఆగాయి. మళ్ళీ మూడు తాకింపులు. మళ్ళీ చెంచా దించినట్టే. అరవై పట్టీలు అయ్యాయి. మూడో రకం పాతిక పిడులు పన్నెండున్నరకే అయిపోయాయి. నేను ఒక్కొక్క అంచూ తడిమి చూశాను. ఒక్కటంటే ఒక్కటి వంక పెట్టడానికి లేదు.

"పదకొండు రకాలు పంపిస్తానండీ. ఏ రకమూ ముప్పైకి మించదు. చేస్తారా?" అంది మేడమ్.

"పంపండి!" అన్నారు అమ్మాయి, చిలక, మేస్త్రి ఒకేసారి.

ఆవిడ వెళ్ళాక మేస్త్రి బండిని మళ్ళీ రెండో మిషన్ దగ్గరి గీతల మీదికి తోసి, జేబులోంచి ఒక చీటీ తీశాడు. "మా వాడి అడ్రసు అక్కా. పని పోతే నీకిద్దామని పొద్దున్నే రాసుకొచ్చాను."

అందుకుని చదివాను. ఇంటి నంబరు, వీధి, ఊరు, అక్షరం పొల్లుపోకుండా పైకే చదివాను. ఆ తర్వాత, ఇక ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కదా అని, నాలుగు మడతలు పెట్టి, మూల పడ్డ అట్టముక్క తెచ్చి, రెండూ కలిపి చక్రం కిందికి తోశాను.

బండి ఊగడం మానేసింది.

"చిలకా, మళ్ళీ మూడూ తాకించు," అన్నాను.