దాచని రివాల్వర్

మధ్యాహ్నం పన్నెండు గంటలకు, అందరూ చూస్తుండగా, కాగితం మిల్లు గేటు ముందు క్లోవిస్ నార్సిస్‌ను నలుగురు తెల్లవాళ్లు గొలుసులతో కొట్టారు. తెల్లవాళ్లకే ఇచ్చే మిషన్ పనికి పేరు రాయించుకోవడానికి వెళ్లడమే అతను చేసిన నేరం. డిప్యూటీ షెరీఫ్ కారుకు ఆనుకుని వేరుశనగకాయలు ఒలుచుకుంటూ చూశాడు. మిల్లులో నేల ఊడ్చే ఎజోరా పరుగెత్తుకెళ్లి క్లోవిస్ తల ఒళ్లో పెట్టుకుంది. అతని పళ్లు రెండు ఆమె అరచేతిలోకి రాలాయి.

అది 1965, లూసియానా. ముసుగులేసుకున్న తెల్లవాళ్లు నల్లవాళ్ల పేటలోకి కార్లలో రావడం, కిటికీల మీద కాల్చడం ఆ ఊరికి అలవాటే. ముసుగు కూడా అక్కర్లేదని తేలింది ఆ రోజే.

ఆదివారం ప్రార్థన అయ్యాక పేట చర్చిలో ఎవరూ ఇంటికి కదల్లేదు. మళ్లీ అందరం కలిసి వెళ్లి క్లోవిస్ పేరు రాయిద్దామన్నారు. కాపలాకు తుపాకులు ఉండాలన్నారు కుర్రవాళ్లు. మనల్ని చంపడానికి వాళ్లకు సాకు దొరుకుతుందన్నాడు పాస్టర్ టిల్మన్. సాకు లేకుండానే చంపుతున్నారు కదా అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు.

ఎజోరా ఇంటికెళ్లి ఒక రివాల్వర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పోయిన మొగుడు పద్నాలుగు డాలర్లకు పోస్టులో తెప్పించిన ఇంగ్లీషు సైన్యం పాతసరుకు అది. పిడి మీద ఎవరో సిపాయి పేరు గీసుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడొచ్చిన ముసలి అమెడే దాన్ని నడుమ కీలు దగ్గర వంచి తెరిచి, ఖాళీగా ఉందని చూసుకుని, గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"గుళ్లకు ఆరు అరలున్నాయని ఆరూ నింపకు తల్లీ. గుండును కొట్టి పేల్చే ఈ సుత్తి కింద అర ఖాళీగా ఉంచు. ఇది మహా ముసలిది, కిందపడితే ఏం చేస్తుందో దానికే తెలీదు."

"ఐదే అయితే చాలుతాయా తాతా?"

"ఆరోది నీ కాల్లోకే దిగితే ఏం లాభం?"

ఈ రాష్ట్రంలో తుపాకీని బట్టల్లో దాస్తే నేరం, బయటికి కనబడేలా కట్టుకుంటే కాదు. అందుకే నడుముకి మూతున్న తోలు ఒర, పైన కోటు వద్దు. తాగినవాడు ముట్టకూడదు. వాళ్లు కాలిస్తే తప్ప ఒర విప్పకూడదు. ఇవన్నీ చేతులెత్తి తీర్మానించారు. పాస్టర్ చెయ్యెత్తలేదు. కానీ ఉత్త చేతులతో అందరికన్నా ముందు తానే నడుస్తానన్నాడు.

సోమవారం ఉదయం నలభై ముగ్గురు, తలకు కట్టుతో ఉన్న క్లోవిస్‌ను మధ్యలో పెట్టుకుని, మిల్లుకు నడిచారు. గేటు దగ్గర కాపలావాళ్లు తుపాకులు ఎక్కుపెట్టి ఉన్నారు. డిప్యూటీ ఎజోరాకు అడ్డం వచ్చాడు.

"ఏంటే అది, నడుముకి?"

"కనబడుతూనే ఉంది కదయ్యా. దాచలేదు."

అతను ఒర మూత తెంచి రివాల్వర్ లాక్కుని, రాతి మెట్టు మీదికి విసిరికొట్టాడు. అది సుత్తి మీదనే పడి ఖంగుమంది. కాపలావాళ్ల వేళ్లు బిగిశాయి. అది ఒక్కసారి పేలి ఉంటే, మీరే ముందు కాల్చారని నలభై ముగ్గురినీ అక్కడే పడేసేవాళ్లు. పేలలేదు. ఎజోరా వెనక్కి అడుగు వేయలేదు.

శాంతిభంగం అని డిప్యూటీ ఆమెకు బేడీలు వేశాడు. పాస్టర్ తన చేతులు చాపాడు.

"నీ దగ్గర తుపాకీ లేదు కదా?" అన్నాడు డిప్యూటీ.

"లేదు. ఆమెతో వచ్చాను."

మిగతావాళ్లు ఆ ఇద్దర్నీ ఎక్కించుకున్న కారు వెంట జైలు దాకా నడిచి మెట్ల మీద కూర్చున్నారు. మూడు గంటలకు షిఫ్టు మారిందని మిల్లు కూత వేసింది. నల్లవాళ్లే పనిచేసే దుంగల యార్డులోకి ఒక్కరూ వెళ్లలేదు. నాలుగున్నరకు మిషన్లకు కాగితం చేసే కర్రగుజ్జు అందడం ఆగింది. ఐదింటికి జైల్లో ఫోన్ మోగింది. మాట్లాడింది మిల్లు మేనేజరు.

డిప్యూటీ వచ్చి ఎజోరా గది తాళం తీసి, పాస్టర్‌తో కలిసి ఇంటికి పొమ్మన్నాడు, బయటున్నవాళ్లను పనిలోకి పంపమన్నాడు.

"క్లోవిస్ పేరు రాశారా?" అని అడిగింది ఎజోరా.

అతను తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె బల్ల మీద వెనక్కి జారగిలి, చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుంది.

"అయితే తలుపు వేసెయ్యండి. గాలొస్తోంది."