పది లక్షల్లో ఒక ఎర్రపూస

పెద్ద సంఖ్యను నోటితో అనడం ఎవరికైనా చేతనవును. కంటితో చూడమంటేనే చిక్కు. లక్ష అన్నా కోటి అన్నా వినేవాడు ఒకేలా తలూపుతాడు, లోపల మాత్రం ఏమీ కదలదు. అలా ఊరికే తలూపేవాళ్ళంటే, ఊరంతా పూసలాయన అని పిలిచే మనిషికి ఒళ్ళుమంట. సైన్సు మ్యూజియంలో నమూనాలు తయారుచేసే ఉద్యోగం ఆయనది. జీతం నమూనాలకే ఇచ్చేవారు గానీ, వచ్చినవాళ్ళని నిలబెట్టి లెక్కలు చూపించడం ఆయన సొంత సరదా.

"పది లక్షల సెకన్లంటే ఎన్నాళ్ళో చెప్పండి," అని మొదలుపెట్టేవాడు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవారు. "పదకొండున్నర రోజులు. బానే ఉంది కదా. మరి వంద కోట్ల సెకన్లు?" ఓ ఏడాది ఉంటుందేమో అనేవారు జనం. "ముప్ఫై రెండేళ్ళకి నాలుగు నెలలు తక్కువ," అని చెప్పి, వాళ్ళు నోళ్ళు తెరవడం చూసి మురిసిపోయేవాడు. ఆయన భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. "ఈయన్ని రెండు గుండీలు తెమ్మంటే, దేశం మొత్తంలో గుండీలెన్నో చెప్పి ఉత్తచేతులతో వస్తారు," అని ఆవిడ ఎగతాళి చేసేది. కూతురు చిట్టి కిలకిలా నవ్వేది.

ఆయనకి పేరు తెచ్చింది అద్దాల గోడ. మనిషెత్తు పొడవు, బారెడు వెడల్పు, రెండువేళ్ళ మందం ఉన్న గాజుపెట్టె అది. దాన్నిండా మిరియంగింజంత తెల్లపూసలు, పది లక్షలు. అన్నీ ఎవరు లెక్కపెట్టారని అడగని వాడు లేడు. దానికీ ఒక పద్ధతుంది. పదికి పది, మొత్తం వంద గుంటలు తొలిచిన చెక్కపలక ఒకటి చేసుకున్నాడాయన. పూసలు పోసి ఊపితే గుంటకొకటి కూర్చుంటుంది, మిగతావి జారిపోతాయి. అలా పది పలకలైతే వెయ్యి. ఆ వెయ్యినీ తూచి, ఆ బరువు ప్రకారం మిగతావన్నీ పోసేశాడు. సగం నింపాక, అప్పటికి ఆరేళ్ళున్న చిట్టిని నిచ్చెన ఎక్కించి, దాని చేత్తో ఒకే ఒక్క ఎర్రపూస వేయించాడు. దానిమీద మిగిలిన తెల్లవి పోసి మూత బిగించాడు.

పక్కన బోర్డు పెట్టాడు: "పది లక్షల్లో ఒకటి. వెతకండి చూద్దాం." దొరికినవాళ్ళకి జన్మంతా టిక్కెట్టు అక్కర్లేదు. మూడేళ్ళలో ఒక్కరికీ దొరకలేదు. దొరకదు కూడా, ఎందుకంటే అద్దానికి ఆనుకుని పైకి కనపడే పూసలు ఐదో వంతే. మిగతా నాలుగు వంతులూ లోపల ఉంటాయి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు, చెబితే ఆటలో రుచేముంది. ఎక్కడుందని ఎవరడిగినా చిట్టి మాత్రం, "నాకు తెలుసు. చెప్పను," అనేది. దానికీ తెలియదు, తండ్రి పోలిక మరి.

తొమ్మిదో ఏడు నిండిన నెలలో చిట్టి కాళ్ళమీద కమిలిన మచ్చలు కనపడ్డాయి. ఎక్కడ పడ్డావే అంటే, "ఎక్కడా పళ్ళేదమ్మా," అంది. వీధి చివర డాక్టరు చూసి, పెరిగే పిల్లలకి ఆటల్లో దెబ్బలు మామూలే అన్నాడు. చేయి కడుక్కుంటూ ఇంకోమాట కూడా అన్నాడు.

"రక్తానికి సంబంధించిన జబ్బొకటుంది. పది లక్షల మందిలో ఒకరికొస్తుంది. మీకు అనుమానంగా ఉంటే పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకురండి. రైల్లో నాలుగ్గంటల దారి."

లెక్కరాని తండ్రి అయితే ఆ మాటకి హడలిపోయి ఆ సాయంత్రమే రైలెక్కేవాడు. పూసలాయనకి లెక్కొచ్చు. నవ్వేశాడు.

భార్యకి మాత్రం నిద్రపట్టలేదు. "మనసు పీకుతోందండీ. ఒక్కసారి వెళ్ళొద్దాం," అంది. ఆయనకి ఓపికగా చెప్పడం తెలుసు, కోప్పడలేదు. మర్నాడు పొద్దున్నే, మ్యూజియం తలుపులు తీయకముందే ఆవిణ్ణి తీసుకెళ్ళి అద్దాల గోడ ముందు నిలబెట్టాడు.

"డాక్టరు చెప్పిన ఆ ఒకటి ఇదే. వెతుకు. కనపడితే ఇప్పుడే రైలెక్కుదాం."

ఆవిడ కళ్ళల్లో వత్తులేసుకుని గంటసేపు వెతికింది. సూదిలో దారం ఎక్కించే కళ్ళు అవి, నల్లగుడ్డ మీద నల్లదారం పట్టేసే కళ్ళు. ఎర్రపూస కనపడలేదు.

"చూశావా? ఇక ఆవగింజలో అరవయ్యో వంతు కూడా భయపడక్కర్లేదు," అన్నాడాయన. ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, భర్త చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చింది. లోపలున్న నాలుగు వంతుల సంగతి ఆయన ఆవేళ కూడా చెప్పలేదు.

నలభై రోజులు గడిచాయి. ముప్ఫై నాలుగు లక్షల యాభై ఆరు వేల సెకన్లు. నలభై ఒకటో రోజు బళ్ళో చిట్టి ముక్కులోంచి కారిన రక్తం ఎంతకీ ఆగలేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ కాగితాలు చూసి, "నెల ముందొచ్చి ఉంటే," అని అంతటితో ఆపేసింది. ఆ వాక్యం పూర్తి చేయకపోవడం ఆవిడ మంచితనం. చిట్టి తొమ్మిదేళ్ళ రెండు నెలలు బతికింది. అది ఎన్ని సెకన్లో ఆయన లెక్క కట్టలేదు, జీవితంలో మొట్టమొదటిసారి.

పుట్టెడు దుఃఖం అంటారు గానీ, దాన్ని కొలిచిన పాత్ర ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఇంట్లో కుట్టుమిషను మళ్ళీ మొదలైంది. ఆవిడ వేళకి వండేది, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఒక్కమాట అనలేదు. ఆయనకి కావలసింది ఆ మాటే. తిడితే బావుణ్ణు, నీవల్లే పోయిందని అంటే బావుణ్ణు అని రోజూ కాచుకుని కూర్చునేవాడు. తనంతట తాను కదిపే ధైర్యం మాత్రం లేదు. ఊరందరికీ నోరెత్తి చెప్పిన మనిషి ఇంట్లో నీళ్ళు నమిలేవాడు.

నెల తిరక్కుండానే ఆవిడ మ్యూజియానికి రావడం మొదలుపెట్టింది. పదింటికి తలుపులు తీయగానే వచ్చేది. టిక్కెట్లమ్మాయి, "మీకెందుకండీ టిక్కెట్టు," అన్నా వినకుండా కొనుక్కునేది. అద్దాల గోడ ముందు పన్నెండింటిదాకా నిలబడి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసేది. తర్వాత వెళ్ళి కుట్టుపనిలో కూర్చునేది. పూసలాయన తన గది తలుపు సందులోంచి చూసేవాడు. ఇరవై అడుగులు నడిస్తే భార్య పక్కన నిలబడొచ్చు. మొహం చెల్లక నాలుగు నెలలు ఆ ఇరవై అడుగులూ నడవలేకపోయాడు.

ఐదో నెలలో మేనేజరమ్మ పిలిచి, అద్దాల గోడని కొత్త హాల్లోకి మార్చాలి, వారం పాటు మూసేద్దాం అంది. "నిండుగా ఉంటే మోయలేరు. పూసలు సంచుల్లోకి వంపేయండి, అక్కడ మళ్ళీ నింపుదురుగాని."

ఆ సాయంత్రం ఆయన కుట్టుమిషను పక్కకెళ్ళి నిలబడ్డాడు.

"రేపు అద్దం ఖాళీ చేస్తున్నాను. వస్తావా?"

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "వస్తాను," అంది.

సంచుల్లోకి వంపితే పూటలో అయిపోయే పని అది. ఆయన అలా చేయలేదు. బల్లమీద వెడల్పాటి తెల్లపళ్ళేలు పరిచి, చిన్న చేట నిండా పూసలు తీసి పోసేవాడు. ఆవిడ అరచేత్తో పరిచి, చూసి, సంచిలోకి దులిపేది. పళ్ళేనికి సుమారు వెయ్యి. మొదటి రోజంతా ఇద్దరి మధ్యా రెండే మాటలు నడిచాయి, "పోయండి" అని ఆవిడ, "ఇదిగో" అని ఆయన. పూసలు రాలిన చప్పుడే తప్ప హాల్లో ఇంకేం లేదు. కింద పడినవాటిని కూడా ఆవిడ వంగి ఏరి చూసింది.

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తర్వాత చూపుడువేలు నాలుకకి తడిచేసుకుని పళ్ళెంలో అద్ది పైకెత్తింది. వేలికొసన ఎర్రపూస అంటుకుని ఉంది.

పూసలాయన చేతిలో చేట కింద పెట్టాడు. ఐదు నెలలుగా దాచుకున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"అద్దంలోంచి కనపడేది ఐదో వంతే. మిగతాదంతా లోపలే ఉంటుంది. ఆ రోజు నిన్ను వెతకమన్నప్పుడు నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

"నాకూ తెలుసు," అందావిడ. "టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన మొదటి రోజే తెలిసింది. గుడ్డ మందం చూసి బతికేదాన్ని, పెట్టె మందం తెలీదా?"

"మరి రోజూ వచ్చి ఏం వెతికావు?"

"పూస కోసం కాదు. ఆ తలుపు వెనక మీరుంటారని తెలుసు. ఎప్పటికైనా వచ్చి, ఈ మాట మీ నోటితో మీరే చెప్తారేమోనని వచ్చాను."

ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆవిడ వేలికొసకేసే చూస్తూ ఉంది.

"రెండు రోజులండీ. వంపి చూస్తే రెండు రోజుల్లో దొరికింది. మనం బయటినుంచి చూసి, లేదనుకుని ఇంటికెళ్ళిపోయాం."

"మనం కాదు. నేను."

"చెయ్యి పట్టుకుని నేనూ వచ్చాను కదా," అంది ఆవిడ. అప్పుడు ఏడ్చింది. స్మశానంలో కూడా అలా ఏడవలేదు. ఆయన కూడా దాచుకోకుండా, వెక్కివెక్కి ఏడ్చాడు. ఇద్దరూ చెరోపక్క కూర్చుని ఏడుస్తుంటే మధ్యలో బల్లమీద తెల్లపూసలు తెల్లగా పడున్నాయి, వాటికేం తెలుసు.

సాయంత్రం అవుతుండగా మేనేజరమ్మ తొంగిచూసి, ఎప్పుడు నింపుతారని అడిగింది. మిగతావి వంపేసి ఎల్లుండి నింపుతానన్నాడాయన. మేనేజరమ్మ వెళ్ళాక భార్య వైపు తిరిగాడు.

"అది నువ్వుంచుకో. నేను ఇంకోటి వేస్తాను."

"ఇంకోటెందుకు? దాని చేత్తో వేసింది. ఇదే వేయండి. కానీ లోపల పారేయొద్దు. ముందర, అద్దానికి ఆనించి అంటించండి. గుమ్మంలో అడుగుపెట్టగానే కనపడాలి."

"అలాగైతే వెతకడానికేం ఉండదుగా."

"వెతకొద్దు. చూస్తే చాలు."

ఆయన సగం ఖాళీ అయిన అద్దం దగ్గరికెళ్ళాడు. జేబులోంచి పెన్సిలు తీసి, నేలమీంచి పైకి కొలతటేపు చాచాడు. "ఎంతెత్తులో పెట్టమంటావు?"

ఆవిడ ఆలోచించుకోలేదు. "నాలుగడుగుల రెండంగుళాలు," అంది. "కిందటిసారి గౌనుకి కొలిచినప్పుడు అంతుంది."