థామసిన్ సాక్ష్యం

థామసిన్ రొట్టెపిండి పిసుకుతోంది. వెనక గదిలో దగ్గు ఆగినప్పుడల్లా ఆమె చేతులూ ఆగుతున్నాయి. మళ్ళీ దగ్గు వినబడితే ఊపిరి పీల్చుకుంటోంది.

దగ్గుతున్నది పాదిరి హోలిన్. ఒకప్పుడు ఆ ఊరి గుడి ఆయనది. దేవుడి మీద పద్యాలు రాసి ఆదివారం చదివితే ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవారు. అప్పట్లో ఆయన ఇంట వంట థామసిన్‌ది; ఇప్పుడు ఆయన ఉంటున్నది ఆమె ఇంట్లో.

గుమ్మంలోంచి గుడ్లమ్మే డోర్కస్ తొంగిచూసింది. "ఏమే, దిక్కులేని ముసలాయన్ని సాకుతున్నావు. స్వర్గంలో నీకు పీట వేసే ఉంచారట!"

"గుడ్లు అక్కడ పెట్టి వెళ్ళవే," అంది థామసిన్ తల ఎత్తకుండా.

ఆయన్ని దిక్కులేనివాణ్ణి చేసింది తానే. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం ముదిరాక, పాత పూజాచారాలు వదలని పాదిరీలను తొలగించడానికి పార్లమెంటు విచారణకర్తలు వచ్చి, సత్రం గదిలో ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. ఊరంతా నోరు కుట్టేసుకుంది. థామసిన్ మాత్రం చెప్పింది: "బలిపీఠం ముందు వంగుతాడు. కొవ్వొత్తులు వెలిగిస్తాడు." అన్నీ నిజాలే. ఆ నిజాలతో ఆయనకు గుడీ పోయింది, గూడూ పోయింది.

అంతకుముందు ఏడాది ఆమె బిడ్డ బాప్తిస్మం కాకుండానే కన్నుమూసింది. గుడి ఆవరణలో చోటివ్వడానికి నియమం ఒప్పదన్నాడాయన. కాలవ గట్టున తానే గొయ్యి తవ్వి పాపను పూడ్చింది. ఆ ఆదివారమే ఆయన దేవుడి కరుణ మీద పద్యం చదివాడు.

గంజి తీసుకుని లోపలికి వెళ్ళింది. చెవుల దాకా దించుకున్న ఉన్ని టోపీ కింద ఆయన దవడలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"థామసిన్, నన్ను కాలవ గట్టునే పెట్టించు. నీ పాప పక్కన. ఆ రోజు నియమం నా నోట పలికింది గానీ, నిద్ర మాత్రం నాకే కరువైంది."

ఆమె గంజి గిన్నె కింద పెట్టింది. మంచం పక్కన కూర్చుంది.

"అయ్యగారూ, సత్రంలో మీ మీద చెప్పింది నేనే."

ఆయన గోడవైపు తిరిగాడు. ఆమె లేవబోయింది.

"గంజి చల్లారిపోతోంది," అన్నాడు గోడవైపే చూస్తూ. "పట్టు."

ఇటు తిరిగి పసివాడిలా నోరు తెరిచాడు. కాసిని చెంచాలు మింగి, చాలన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఆమె గిన్నె కడిగి వచ్చేసరికి దగ్గు ఆగిపోయి ఉంది.

ఆయన కోరినట్టే కాలవ గట్టున మట్టి చేశారు. మంచం దులపడానికి వెళ్ళిన థామసిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. తలగడ మీద ఆయన ఉన్ని టోపీ, చెవుల దగ్గర కుట్లు వదులై, గోడవైపు ఒరిగి ఉంది.