జేబులో ఉండిపోయిన బ్యాండు

నేను ఒక బ్యాండుని. పెళ్లిళ్లలో మోగే బ్యాండుని కాదు, వకీళ్ల మెడలో వేలాడే తెల్ల పట్టీల జతని. నోరు లేకపోయినా కోర్టులో నాకు మర్యాద ఎక్కువ. నేను మెడలో లేనిదే హైకోర్టులో ఏ వకీలూ నోరు విప్పకూడదు.

నన్ను కుట్టింది వరహాలమ్మ. జనపనార మిల్లులో పనిచేస్తూ తమ్ముడు సత్తిరాజుని లా చదివించింది. అతను వకీలైన రోజున కొత్త మల్లుపంచె కొన చించి, గోనెలు కుట్టే చేత్తోనే నన్ను కుట్టి అతని మెడలో కట్టింది.

"నీ మాట నిలబడాల్రా," అంది. అమాయకంగా నేనూ నమ్మాను.

సత్తిరాజు గారికి పేరొచ్చింది. ఊళ్లోని లా కాలేజీ వారి కేసులన్నీ ఆయనవే. ఈలోగా మిల్లు మూతపడి వరహాలమ్మతో పాటు అందరూ రోడ్డున పడ్డారు. వాళ్ల తరఫున కొట్లాడాలనే ఆమె కూతురు సులోచన అదే కాలేజీలో లా చేరింది. ఆఖరి ఏడాదిలో కార్మిక చట్టం కోరుకుంటే, చెప్పేవాళ్లు లేరంటూ బ్యాంకింగ్ చట్టంలో పడేశారు. పాసవడానికి ఏదైతేనేం అన్నాడు ప్రిన్సిపాల్. దేనికోసం చేరిందో ఆ చదువే దక్కకుండా పోతోందని పిల్ల హైకోర్టులో రిట్ వేసింది.

వాదించమని మేనమామని అడిగింది. ఆయన దగ్గాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు. ఎవరి కేసు వాళ్లు చెప్పుకోవచ్చమ్మా, చట్టం ఒప్పుకుంటుంది అన్నాడు. మెడలోంచి నన్ను తీసి, దీవెనలా ఆమె చేతిలో పెట్టాడు. వకీలు కానివాళ్లు నన్ను కట్టుకోకూడదని ఆయనకి తెలియనిది కాదు. ఏదో ఒకటి ఇచ్చి చేతులు దులుపుకునే తొందరలో మరిచిపోయాడు. ఆ తొందరకి పనికొచ్చినందుకు ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

వాయిదా రోజున అక్క పోరు పడలేక ఆయనా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. సులోచన లేచి నిలబడగానే జడ్జి గారు తెలుగులోనే అడిగారు.

"మీరు అడ్వొకేటా అమ్మా?"

"కాదండి. చదువుకుంటున్నాను."

"మరి మెడలో అదెందుకు? తీసేయండి."

ఎవరో కిసుక్కుమన్నారు. సులోచన నన్ను విప్పి, తిన్నగా వెనక వరసకి వెళ్లి మేనమామ ముందు పట్టుకుంది.

"ఇది మీ మెడలో ఉండాల మావయ్యా. కట్టుకుని లెగండి."

కట్టుకుంటే చాలు. ఆయన వేళ్లు నా ముడి దాకా వచ్చాయి. అంతలో ఈ ఒక్క కేసుకీ కాలేజీ వారు పెట్టుకున్న వేరే వకీలు వెనక్కి తిరిగి చూశాడు. సత్తిరాజు గారు నన్ను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

సులోచన బోసి మెడతో వాదించింది. మొదట తడబడింది, తర్వాత తడబడలేదు. ఆ పిల్లకి కార్మిక చట్టం ఇవ్వాలనీ, చెప్పేవాళ్లని కాలేజీయే చూసుకోవాలనీ తీర్పు వచ్చింది. అదంతా నేను జేబులోంచే విన్నాను.

ఇంటికి రాగానే వరహాలమ్మ తమ్ముడి చేతికి టీ గ్లాసు ఇచ్చింది.

"పిల్ల బాగా మాటాడిందేటి?"

"బాగా మాట్లాడిందక్కా."

"మరి నువ్వేటి మాటాడేవు?"

ఆయన చెయ్యి జేబులోకి వచ్చి నన్ను గట్టిగా నలిపింది. మర్నాడు దుకాణంలో కొత్త బ్యాండు కొనుక్కున్నాడు.

నేనిప్పుడు ఆయన బల్ల సొరుగులో ఉన్నాను. ఆ ముడతలు అలాగే ఉన్నాయి. రేపో మాపో సులోచన వకీలవుతుంది. బ్యాండు వెతుక్కుంటూ ఈ సొరుగు మాత్రం తెరవకపోతే బాగుండును.