రెక్కల సింహం గొంతు

సినిమాలకు శబ్దాలు కూర్చేవాణ్ణి కట్టుకున్నందుకు ఆమెకు దక్కిన సరదా ఒకటే. తెరమీద ఏ వింత మృగం అరిచినా, ఆ అరుపు తమ ఇంట్లో ఏ మూలనుంచి వచ్చిందో ఇట్టే పట్టేస్తుంది. ఈసారి సాహసయాత్ర సినిమా, అందులో రెక్కల సింహాలు. ఆ రెక్కల టపటపలు తమ పాత గొడుగువి. బుసలు కుక్కర్‌వి. గర్జనైతే సాక్షాత్తూ మామగారి గురకే.

"మావయ్యగారికి తెలిస్తే మన వీపు విమానం మోతే," అని భర్త చెవిలో నవ్వింది.

"ష్, అసలుది ఇప్పుడొస్తుంది, విను."

హీరో బాణానికి తల్లిసింహం కూలింది. పిల్లసింహం ఎగిరొచ్చి, తల్లిని మూతితో కదిపి చూసి, నోరు తెరిచి కేక పెట్టింది.

హాలంతా గప్‌చుప్‌. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. ఆమె మాత్రం తెరమీంచి చూపు తిప్పి భర్తవైపు చూసింది. ఎంత సాగదీసినా, ఎంత బొంగురు చేసినా ఆ గొంతు తనదే. అమ్మ పోయిందని ఫోనొచ్చిన పూట, వంటింటి గడపమీద కూలబడి తను పెట్టిన కేక అది.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త, మురిసిపోతూ.

ఆ పూట ఆయన పరుగున వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక చెయ్యి ఆమె భుజంమీద వేశాడు. రెండో చెయ్యి రికార్డర్ ఉండే జేబులోనే ఉంది.

"అమ్మ పోయిందండీ!" అని ఆమె గుండెలవిసేలా ఏడిస్తే, ఒక్క క్షణం ఆగి, "ఏంటీ? మళ్ళీ చెప్పు," అన్నాడు.

పాపం, నమ్మలేకపోతున్నాడనుకుని ఆమె మళ్ళీ ఏడ్చింది.