తోడు మాత్ర

నా క్లినిక్‌లో అరుపులంటే నావే. ఆ ఉదయం మాత్రం లారీ డ్రైవరుగారి కొడుకు నన్ను మించి అరుస్తున్నాడు.

"పక్షవాతం డాక్టరమ్మా! పెద్దాసుపత్రికి తీసుకుపోతాం, వదిలెయ్యండి!"

బల్ల మీద డ్రైవరుగారు చెమటతో తడిసిపోయి, ఏదో గొణుగుతూ కళ్ళు తేలేస్తున్నారు.

"నోరు మూసుకుని అక్కడ నిలబడు," అని ఆయన వేలికి సూది గుచ్చాను. చక్కెర ముప్పై! డెబ్బైకి తగ్గకూడదు. ఈయనకు షుగరు జబ్బే లేదు. జబ్బు ఆయన భార్యది.

నరం ఓ పట్టాన దొరకలేదు. చివరికి గ్లూకోజు ఎక్కగానే కళ్ళు తెరిచి, "ఏంటీ గోల?" అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికే తల మళ్ళీ వాలిపోయింది.

నాకు భయం పట్టుకుంది. ఒంట్లో ఏదో చక్కెరను లాగేస్తోంది. అదేమిటో తెలియకపోతే, లేచాడు కదా అని ఏ ఆసుపత్రివాళ్ళైనా ఇంటికి పంపేస్తారు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

"ఏం మింగారమ్మా ఈయన?" అన్నాను పక్కనే ఉన్న భార్యతో.

"రోజూ వేసుకునేదేనండీ, షుగరు మాత్ర."

"ఈయనకు షుగరెక్కడిది తల్లీ?"

"ఉందని మీరే చెప్పారని ఆయన నాతో అన్నారే! నాకు మాత్ర గొంతు దిగదు కదండీ. ఇద్దరికీ ఒకటే జబ్బు, కలిసే వేసుకుందాం అని రోజూ నాతోపాటే మింగుతారు. మొన్న మీరు నాకు రెండు చేశారుగా, ఆయనా రెండు చేసుకున్నారు."

"అవేమైనా పప్పుబెల్లాలా, పంచుకోడానికి!" అని ఒక్క అరుపు అరిచాను. ఆవిడ అక్కడే కూలబడిపోయింది. మళ్ళీ గ్లూకోజు పెట్టి, అంబులెన్సు ఎక్కించి, పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను. "షుగరు మాత్రలు మింగాడు. లేచి కూర్చున్నా సరే, రేపటిదాకా పంపకండి."

మర్నాడు తలుపు తీసేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది.

"గండం గడిచిందటండీ. ఇంకా ఐసీయూలోనే ఉంచారు, నన్ను లోపలికి రానివ్వట్లేదు," అంటూ గుప్పిట తెరిచింది. రెండు మాత్రలు చెమటకు తడిసి ఉన్నాయి. "పొద్దుట్నుంచి చూస్తున్నాను. ఒక్కదాన్నే మింగలేకపోతున్నానండీ."

బయట బెంచీ నిండా జనం. ఒకాయన అప్పుడే దగ్గు అందుకున్నాడు. నేను రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"కానివ్వమ్మా," అని నా గ్లాసెత్తి వట్టి నీళ్ళు గుటక వేశాను.